కెమెరా ఆఫ్ చేసి జర్మన్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: సార్, నాకు 24 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చేసి నల్గొండలోనే ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో పనిచేస్తున్నాను. మా ఊరు మునుగోడు దగ్గర. జర్మనీ వెళ్లాలని తొమ్మిది నెలలుగా ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్చుకుంటున్నాను. మొదటి మెట్టు ఏ1 అయిపోయింది, రెండోది ఏ2 సగంలో ఉంది. వారానికి ఐదు రోజులు, రాత్రి ఎనిమిదిన్నరకు గంటసేపు క్లాసు. డ్యూటీ పడ్డ రోజు తర్వాత రికార్డింగ్ చూస్తాను. నాకు ఆన్‌లైనే బాగుంది. ఎవరూ చూడరు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. మొన్న దేవరకొండ వైపు తండా నుంచి ఒక ముసలమ్మ వార్డుకు వచ్చింది. ఆమెకు తెలుగు సరిగ్గా రాదు. నాకు వచ్చిన నాలుగు లంబాడీ మాటలతో నేనే నెట్టుకొచ్చాను. అలాంటి దాన్ని, జర్మన్ క్లాసులో సార్ పేరు పిలిస్తే మైక్ ఆన్ చేయడానికి చేతులు వణుకుతాయి. నాతో చదివిన ముగ్గురు ఉద్యోగాలు మానేసి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండి క్లాసుకు పోతున్నారు. "ఆన్‌లైన్‌లో భాష రాదే, టైం వేస్ట్, నువ్వూ వచ్చెయ్" అంటున్నారు. నాన్న ఆటో నడుపుతాడు. నా జీతం ఆగితే ఇంట్లో ఇబ్బంది. అమ్మకు హాస్టల్ అంటే భయం. పైగా ఇంట్లో నేను జర్మన్ ప్రాక్టీస్ చేస్తుంటే పడీపడీ నవ్వుతుంది. ఉద్యోగం మానేసి వెళ్లాలా, ఇక్కడే ఆన్‌లైన్‌లో కొనసాగాలా?
– ఒక నర్సు, నల్గొండ

జవాబు: ఉద్యోగం మానెయ్యకు. ఇప్పుడైతే వద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మిగతాదంతా ఆ టెన్షన్‌తోనే చదువుతావు. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకమ్మా, నేను రిటైరైన ఏడాది నా క్లాసులో కూర్చున్న పిల్లల వయసే నీది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆన్‌లైన్ ఎందుకు బాగుందంటే "ఎవరూ చూడరు" అని రాశావు. మీ స్నేహితురాళ్లు "టైం వేస్ట్" అన్నారు. మీ నలుగురిలో ఒక్కరు కూడా జర్మన్ గురించి మాట్లాడలేదు, గమనించావా? నీకు ఆన్‌లైన్ నచ్చింది నీ బిడియం వల్ల. వాళ్లకు క్లాసు ఎందుకు నచ్చిందో నేను ఊహించగలను. ఇంట్లో ఉంటే పుస్తకం తెరిచేది లేదని వాళ్లకే తెలుసు. ఇంట్లో ఆడపిల్ల ఫోన్ ముందు కూర్చుంటే అది చదువని ఎవరికీ అనిపించదు, "జర ఆ పాలు చూడు" అని ఒకరు, "చుట్టాలొచ్చారు, చాయ్ పెట్టు" అని ఇంకొకరు. హైదరాబాద్ మీద మోజు కూడా కొంత ఉంటుంది. అది తప్పేమీ కాదు, ఆ వయసులో నాకూ ఉండేది. ఆన్‌లైన్ నచ్చిందా, క్లాసు నచ్చిందా అని పిల్లలను అడిగితే, ఎక్కడ తక్కువ నొప్పి తగిలిందో అదే చెబుతారు. ఎక్కడ భాష వచ్చిందన్నది వేరే లెక్క.

ఈ లెక్క నాకు ఆలస్యంగా అర్థమైంది. 2020లో కరోనాకు కాలేజీ మూతపడింది. సెప్టెంబరు 1 నుంచి బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. డిగ్రీ పిల్లలకు మేం ఫోన్లలో చెప్పాం. నా ఎదురుగా యాభై నల్ల డబ్బాలు. నేను గొంతు చించుకుంటుంటే "ఆడిబుల్ సార్" అని టైపు చేసే పిల్లవాడు ఒక్కడు. ఒకరోజు మైక్ మ్యూట్‌లో ఉందని చూసుకోకుండా పావుగంట ఇంగ్లిష్ ప్రిపొజిషన్లు చెప్పాను. ఎవరూ కిక్కురుమనలేదు. ఆ ఒక్కడి ఊళ్లో ఆ రోజు కరెంటు లేదట. ఆ పావుగంట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అయితే అదే బ్యాచ్‌లో హాలియా వైపు అబ్బాయి ఒకడున్నాడు. అంతకుముందు ఏడాదిన్నరలో క్లాసులో వాడి గొంతు నేను విన్నది లేదు. ఆన్‌లైన్ మొదలైన నెలకు, రాత్రి పదకొండింటికి, వాడి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. నలభై సెకన్లు, అంతా ఇంగ్లిష్. వాళ్ల బత్తాయి తోటకు నీళ్లు ఎలా పెడతారో చెప్పాడు. తప్పులున్నాయి, కానీ ఆపకుండా మాట్లాడాడు. తర్వాత రోజూ ఒకటి. మళ్లీ కాలేజీ తెరిచాక చూస్తే వెనక బెంచీలో అదే మౌనం. వరండాలో పట్టుకుని అడిగాను. "అక్కడైతే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు సార్" అన్నాడు. నాకు ముచ్చటేసింది, అలాగే పంపుతూ ఉండమన్నాను. అక్కడే నేను పొరపాటు చేశాను. ఏడాది తర్వాత ఒక ఇంటర్వ్యూకు పోయొచ్చి చెప్పాడు: "ముగ్గురూ నన్నే చూస్తున్నారు సార్. మెసేజ్ అయితే బాలేకపోతే డిలీట్ కొట్టి మళ్లీ చెప్పేవాణ్ని." వాడికి నోరు తెరిచే చోటు ఫోనే ఇచ్చింది. అక్కడి నుంచి చెయ్యి పట్టుకుని మనుషుల మధ్యకు తీసుకురావాల్సిన పని నాది. నేను చెయ్యలేదు.

నీ విషయంలో ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎందుకంటే నీ పరీక్షే మనుషుల మధ్య జరుగుతుంది. ఏ2 తర్వాతి మెట్టు బీ1. జర్మన్ పరీక్షలు పెట్టే గోథే సంస్థ వారి బీ1 పరీక్షలో నాలుగు భాగాలు: చదవడం 65 నిమిషాలు, వినడం 40, రాయడం 60, మాట్లాడటం సుమారు 15. ప్రతి భాగంలో నూటికి 60 రావాలి. ఒకదాంట్లో ఎక్కువొచ్చాయని ఇంకోదాంట్లో తగ్గితే ఒప్పుకోరు. ఆ మాట్లాడే భాగానికి సాధారణంగా ఇద్దరు అభ్యర్థులను కలిపి కూర్చోబెడతారు. ఇద్దరూ కలిసి ఏదో ఒక పని ప్లాన్ చేసుకోవాలి, అంటే ఫలానా మిత్రుడిని చూడటానికి ఎప్పుడు పోదాం, ఏం తీసుకెళ్దాం, అలాంటిది. తర్వాత ఒక్కొక్కరు ఒక చిన్న ప్రసంగం, దాని మీద అవతలివాళ్ల ప్రశ్న. నీ పక్కనున్న ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఏమంటుందో నీకు ముందు తెలియదు. వెనక్కి తిప్పుకునే బటన్ ఉండదు. జర్మనీ వెళ్లాక వార్డులోనూ ఉండదు. పళ్లసెట్టు తీసి పక్కన పెట్టి, ఊరి యాసలో గొణిగే ఎనభై ఏళ్ల పేషెంటును "మళ్లీ చెప్పండి" అని అడగాలి. అది అడగటానికే మొదట ధైర్యం కావాలి.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు పట్టించుకోని వాక్యం దగ్గరికి వస్తాను. తండా ముసలమ్మతో నాలుగు మాటలు లంబాడీ మాట్లాడావు. అది ఏ యాప్‌లో నేర్చుకున్నావు? ఏ కోచింగ్‌లో? తప్పు మాట్లాడితే ఆమె నవ్వి ఉంటుంది, నువ్వూ నవ్వి ఉంటావు, మళ్లీ చెప్పి ఉంటావు. ఆమెకు నొప్పి, నీకు పని. సిగ్గుపడే తీరిక ఇద్దరికీ లేదు. పాలమూరు నుంచి బొంబాయికి, పుణేకు పనికి పోయినవాళ్లు హిందీ, మరాఠీ ఇలాగే పట్టుకొచ్చారు. నారాయణపేట బజారులో చీర బేరం చూడు, ఒకే నోట తెలుగు, కన్నడ, మరాఠీ దొర్లుతాయి. భాషకు భయపడే జాతి కాదు మనది. కాకపోతే వాళ్లెవరికీ సర్టిఫికెట్ అక్కర్లేదు. నీకు కావాలి, అది కూడా రాతలో, వ్యాకరణంతో. అందుకే ఒట్టి ధైర్యంతో పని జరగదు.

ఆ వ్యాకరణం దగ్గర నేను ఫోన్ పక్షమే. నేను యాభై దాటాక, సరదాకు, హైదరాబాద్‌లో సాయంత్రం క్లాసులకు పోయి జర్మన్ నేర్చుకున్నాను, కాబట్టి కొంచెం సాధికారంగానే చెబుతున్నా. జర్మన్‌లో ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది కదా. ఇంజెక్షన్ సిరంజి ఆడది, కట్టు మగది, మంచం నపుంసకం. అమ్మాయి కూడా నపుంసకమే, డాస్ మేడ్షెన్! మనకు ఆమె వచ్చినా వచ్చిందే, బస్సు వచ్చినా వచ్చిందే. మగకు డెర్, ఆడకు డీ, నపుంసకానికి డాస్, ఈ గోలకు ఏ టీచరూ ఏం చెయ్యలేడు. బస్సులో, క్యాంటీన్ క్యూలో, రోజుకు ఇరవై మాటలు ఫోన్‌లో నొక్కుకుంటూ పోవాల్సిందే. క్లాసులో అందరి ఫీజు కట్టించుకుని ఈ పట్టికలు వల్లె వేయించే మాస్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అంకెలూ అంతే. 68 అనడానికి వాళ్లు ఎనిమిదీ అరవై అంటారు. చెవికి ముందు ఎనిమిది పడుతుంది, చెయ్యి 8 రాసేస్తుంది, తర్వాత 6. నాడి 68 కాస్తా చార్టులో 86 అవుతుంది. రెండూ ఉండదగ్గ అంకెలే కాబట్టి చూసినవాళ్లకు అనుమానం కూడా రాదు. నేను క్లాసులో ఇలాగే ఒక ఫోన్ నంబరు మొత్తం తిరగేసి రాసి అందరినీ నవ్వించాను. నీకిది నవ్వులాట కాదు. రికార్డింగ్ పెట్టుకుని వందసార్లు విను, విన్నది కాగితం మీద రాయి. క్లాసులో అయితే నీ వంతు రెండుసార్లు కూడా రాదు.

ఉచ్చారణకు కూడా ఫోన్ పనికొస్తుంది, చాలామందికి తట్టదు. వాళ్ల రెండు చుక్కల 'యు' పలకాలంటే నోట్లో నాలుక 'ఈ' దగ్గర ఉండాలి, పెదవులు 'ఊ' అన్నట్టు గుండ్రంగా రావాలి. సెల్ఫీ కెమెరా పెట్టి పెదవులు చూసుకో. 'బూఖ్' అంటే పుస్తకం. ఆ చివరి 'ఖ్' నీకు కష్టం కాకూడదు, నల్గొండలో పెరిగినవాళ్లకు ఉర్దూ 'ఖ' చెవిన పడని రోజుండదు. ఇంకో అదృష్టం, జర్మన్‌లో కారణం చెప్పేటప్పుడు క్రియ వాక్యం చివరికి పోతుంది. 'వైల్ ఇష్ నఖ్ట్‌డీన్‌స్ట్ హాబె', ఎందుకంటే నాకు నైట్ డ్యూటీ ఉంది. వాళ్ల 'హాబె', మన 'ఉంది' ఒకే చోట కూర్చున్నాయి చూడు. ఇంగ్లిష్‌వాళ్లు దీని దగ్గర తల బాదుకుంటారు. నువ్వు జర్మన్ వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకుని అర్థం చేసుకుంటున్నావేమో, ఇకనుంచి సూటిగా తెలుగుతో పోల్చుకో. మీరు, నువ్వు అనే తేడా కూడా వాళ్లకుంది: జీ, డు. పేషెంటును డు అన్నావంటే, ఇక్కడ పెద్దాయన్ని నువ్వు అన్నట్టే.

మీ స్నేహితురాళ్ల సంగతి. దిల్‌సుఖ్‌నగర్ క్లాసు మంచిదో కాదో నాకు తెలియదు, వాళ్లను ఒక్క ప్రశ్న అడుగు. "నిన్న క్లాసులో నువ్వు జర్మన్ ఎన్ని నిమిషాలు మాట్లాడావు?" బ్యాచ్‌లో నలభై మంది ఉండి, క్లాసు గంటసేపైతే, మాస్టారు నోరు విప్పకుండా కూర్చున్నా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషంన్నర. మాస్టారు నోరు విప్పకుండా ఉండడు. నాకు తెలిసిన సంగతి కదా అది. అలాంటి గదిలో కూర్చోవడానికి జీతం వదులుకోవడం దండగ. ఏ పది పన్నెండు మందో ఉండి, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించే క్లాసు అయితే మాత్రం అది ఎక్కడున్నా మంచిదే, ఆన్‌లైన్ అయినా సరే. ఇదే ప్రశ్న నీ ఆన్‌లైన్ క్లాసుకూ వేసుకో. మైక్ ఆన్ చెయ్యనివాళ్లకు సున్నా నిమిషాలు.

వెనకపడ్డానని కూడా బెంగపడకు. గోథే సంస్థ చెప్పే లెక్క ప్రకారం బీ1 చేరడానికి మొత్తం 350 నుంచి 650 పీరియడ్లు పడుతుంది, పీరియడ్ అంటే 45 నిమిషాలు. నువ్వు వారానికి ఐదు గంటల చొప్పున తొమ్మిది నెలలు, అంటే సుమారు 260 పీరియడ్లు చేశావు. ఏ2 సగంలో ఉండటం సరిగ్గా ఉండాల్సిన చోట ఉండటమే. కాకపోతే అందులో రికార్డింగ్ చూసినవి ఎన్నో నీకే తెలుసు. నోటి లెక్కలో అవి రావు. నర్సులకు చాలాచోట్ల బీ1తో ప్రయాణం మొదలైనా చివరికి బీ2 అడుగుతారు. దానికి మొత్తం 600 నుంచి 800 పీరియడ్లు. అంటే ఇంకా చాలా దూరం నడవాలి. ఇప్పుడే జీతం ఆపుకుని హాస్టల్ ఖర్చు నెత్తినేసుకుంటే మధ్యలో డబ్బు అయిపోయి ఆగిపోయే ప్రమాదం ఉంది. అలా ఆగిపోయినవాళ్లను చూశాను.

కాబట్టి ఇలా చెయ్యి. ఏ2 ఇక్కడే, ఆన్‌లైన్‌లోనే పూర్తి చెయ్యి. కానీ రేపటి నుంచి కెమెరా ఆన్. మొదటి వారం కెమెరా మాత్రమే, మాట్లాడకపోయినా ఫరవాలేదు. రెండో వారం నుంచి సార్ పేరు పిలవకముందే, క్లాసు మొదలైన ఐదు నిమిషాల్లోపు, ఒక్క వాక్యం నువ్వే చెప్పు. ముందే కాగితం మీద రాసుకుని చదివినా సరే. ఆలస్యమయ్యే కొద్దీ చెయ్యి వణుకుడు పెరుగుతుంది, అందుకని ముందే పని కానిచ్చెయ్. యూనిఫాం మీద ఉన్నా, వెనకాల స్టాఫ్ రూం బీరువా కనిపించినా ఎవరికీ ఏమీ కాదు.

రెండోది, నల్గొండలోనే ఒక తోడు వెతుక్కో. మీ బ్యాచ్ గ్రూపులో "నల్గొండ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా" అని అడుగు. నర్సింగ్ కాలేజీలున్న ఊరు మనది, ఒక్కరైనా దొరుకుతారు. వారానికి ఒకసారి, ఎదురెదురుగా, గంటసేపు. గడియారం సెంటర్‌లో చాయ్ దుకాణం అయినా, ఒకరి గది అయినా. బీ1లో వచ్చే ప్లానింగ్ ప్రశ్నలే మాట్లాడుకోండి. తప్పులు దిద్దేవాళ్లు లేకపోయినా పర్లేదు. ఒక మనిషి నీ మొహం చూస్తుండగా జర్మన్‌లో మాటకోసం వెతుక్కోవడం అలవాటు కావాలి, అంతే.

బీ1 సగం దాటాక, పరీక్షకు రెండు నెలల ముందు, అప్పుడు హైదరాబాద్ వెళ్లు. నైట్ డ్యూటీలు కూడబెట్టుకుని వారానికి రెండు రోజులు ఆఫ్ తీసుకోగలవేమో మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌ను ఇప్పటి నుంచే మెల్లగా అడిగి పెట్టుకో. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు ఉచితమే, 2023 డిసెంబరు 9 నుంచి ఆ ఖర్చు తప్పింది. నల్గొండ నుంచి వంద కిలోమీటర్లు, పోను రెండున్నర గంటలు వేసుకో. బస్సు దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే పోతుంది. ఆ ఐదు గంటల రానుపోను ప్రయాణంలో డెర్, డీ, డాస్ సంగతి చూడు. శని, ఆదివారాల బ్యాచ్ దొరికితే హాస్టల్ గొడవే లేదు, అమ్మకూ నిద్ర పడుతుంది. దొరక్కపోతే రెండు నెలలు సెలవు పెట్టి హాస్టల్‌లో ఉండు. రెండు నెలల జీతం నష్టం అప్పుడు ఇంట్లో చెప్పుకోదగ్గదే, ఎందుకంటే చేతిలో పరీక్ష తేదీ ఉంటుంది.

ఏజెంటు ఎవరికైనా డబ్బు కట్టే ముందు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ నర్సు ఉద్యోగాలకు ఇచ్చే ప్రకటనలు చూడు. జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు వాళ్లకున్నాయి. కనీసం ఒకసారి వాళ్ల ఆఫీసుకు పోయి అడిగి రా.

అమ్మ నవ్వుతుందని రాశావు. నవ్వనీ, నీకు ఇంట్లోనే దొరికిన మొదటి శ్రోత ఆమె. ఒక పని చెయ్యి. రోజూ డ్యూటీ అయ్యాక అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడుగుతుంది కదా. ఆ ఒక్క ప్రశ్న జర్మన్‌లో ఆమెకు నేర్పు: "వస్ హస్ట్ డు గెగెసెన్?" తెలుగులో లాగానే తినడం చివర్లో వస్తుంది, నాలుగు రోజుల్లో పట్టేస్తుంది. ఆమె అడిగినప్పుడల్లా నువ్వు జర్మన్‌లోనే జవాబు చెప్పాలి. అన్నం, పప్పు అని రెండు మాటలతో తప్పించుకోకు. ఎవరు వండారు, ఉప్పు ఎక్కువైందా, సగం ఎందుకు వదిలేశావు, అంతా చెప్పు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఫోన్ పెట్టెయ్యదు.